కుక్కపిల్లల వెబ్ ఆప్షన్లు

మా మామయ్య వాళ్ళ జర్మన్ షెపర్డ్ పోయిన నవంబర్‌లో ఆరు పిల్లల్ని పెట్టింది. వారం తిరగకముందే హన్మకొండ సగం ఫోన్ చేసింది. "అల్సేషియన్ పిల్లలంట కదా, మాకొకటి ఉంచు." ఆరు పిల్లలకి పద్నాలుగు ఇళ్ళు. ఎవరికి కాదన్నా చుట్టరికం చెడుతుంది. అందుకని మామయ్య తెలివిగా ఆ పని నా మీద పెట్టాడు.

"నువ్వు కంప్యూటర్ సైన్స్ కదరా, ఏదో ఒకటి చేసి లిస్ట్ తియ్యి. కంప్యూటర్ చెప్పిందని చెప్తా."

నాకు ఎక్కడలేని హుషారు వచ్చింది. సరిగ్గా ఆ సెమిస్టర్‌లోనే గేల్-షాప్లీ అల్గారిథం చదివాను. 1962లో ఇద్దరు గణిత పండితులు రాసిన పేపర్ అది. రెండు వైపుల వాళ్ళూ తమ ఇష్టాల్ని వరుసగా రాసిస్తే, తర్వాత ఎవరూ "మనిద్దరం జత అయితే ఇంతకన్నా బాగుండేది" అనుకునే అవకాశం లేకుండా జతలు కుదురుస్తుంది. ఎన్ఐటీ సీట్లు పంచే జోసా వెనకాల ఉన్నది కూడా ఈ ఆలోచనే. షాప్లీకి 2012లో నోబెల్ వచ్చింది. సీట్లు పంచినది కుక్కపిల్లల్ని పంచలేదా అనుకున్నాను.

గూగుల్ ఫామ్ చేశాను. సొంతిల్లా, అద్దెదా? ఎన్ని గజాలు? కాంపౌండ్ ఉందా? నెలకి ఎంత ఖర్చు పెట్టగలరు? పద్నాలుగు ఇళ్ళూ నింపాయి. పిల్లలకి రంగు రంగుల రిబ్బన్లు కట్టి ఫోటోలు పంపితే, ఎవరికి ఏది ఇష్టమో వాళ్ళు వరుసగా రాశారు. ఇంక పిల్లల ఇష్టాలు కావాలి. వాటిని అడగలేం కదా, అవి కూడా నేనే రాశాను. ఎక్కువ గజాలకి ఎక్కువ మార్కులు, సొంతిల్లయితే పది బోనస్.

ప్రోగ్రాం రెండు సెకన్లలో లిస్ట్ ఇచ్చింది. అన్నింటికన్నా చురుకైన ఎర్ర రిబ్బన్ పిల్ల, మూడు వందల గజాల ఇంటికి వెళ్ళింది. అందరికన్నా అడుగున మిగిలింది ఒక రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవర్ తాత. రెండు గదుల అద్దె ఇల్లు, చిన్న వాకిలి. ఫామ్ కూడా ఆయన మనవరాలే నింపింది. "కంప్యూటర్‌లో రాలేదు తాతా" అని నేనే ఫోన్ చేసి చెప్పాను. "మంచిది బిడ్డా" అని పెట్టేశాడు.

కుక్కపిల్లల్ని అమ్మేవాళ్ళు ఎనిమిది వారాలు నిండకుండా అమ్మకూడదని 2017 కేంద్ర నిబంధనల్లో ఉంది. మేము అమ్మకపోయినా ఆ లెక్కే పెట్టుకుని సంక్రాంతి వెళ్ళాక ఇచ్చాం. మొదటి టీకా అయింది. మిగతావి ఎప్పుడో ఒక చీటీ రాసి చేతిలో పెట్టాం. ఇంటివాళ్ళని తయారుచెయ్యడం అంటే అంతేనని అనుకున్నాను.

ఏప్రిల్‌లో ఎర్ర రిబ్బన్ తిరిగొచ్చింది.

మెడ చుట్టూ తాడు ఒరుసుకుని వెంట్రుకలు ఊడిపోయాయి. గేటు చప్పుడైతే మూలకి వెళ్ళి కూర్చుంటోంది. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తారు, పొద్దున తొమ్మిదికి వెళ్తే రాత్రి ఏడు. మూడు వందల గజాల్లో కుక్కపిల్ల ఒక్కటే. మొక్కలన్నీ తవ్వింది. పిల్లలు స్కూల్ నుంచి వచ్చి పరిగెత్తితే వెనకాలే ఉరికి మడమలు పట్టుకునేది. చిన్నపాపకి పన్ను దిగింది. కరిచే కుక్క అని పేరు పడింది. ఆ తర్వాత తాడు.

ఏం చెయ్యాలో తెలియక మామయ్య నన్ను ఆ డ్రైవర్ తాత దగ్గరికే పంపాడు. ఆయనది కురుమ కుటుంబం, ఐనవోలు వైపు ఊరు. బస్సెక్కకముందు చిన్నప్పుడంతా గొర్రెల వెంట తిరిగిన మనిషి. అంతా విని నవ్వాడు.

"కరుస్తలేదు బిడ్డా, మలుపుతుంది. మంద లేకపోతే పిల్లల్నే మంద జేసుకుంటది. మా ఊరి కుక్కలకు రాత్రి కావలి పని. దీని జాతికి పగలంత పనే."

ఇంటికొచ్చి చదివితే ఆయన చెప్పిందే ఉంది. షెపర్డ్ అంటేనే గొర్రెల కాపరి కదా, ఆ మాట నేను వందసార్లు పలికి ఒక్కసారి కూడా వినలేదు. మాక్స్ ఫాన్ స్టెఫానిట్స్ అనే జర్మన్ 1899లో హోరాండ్ అనే కుక్కతో ఈ జాతిని మొదలుపెట్టాడు. కంచె లేని చేల మధ్య గొర్రెలు మేస్తుంటే, అవి పంటలో పడకుండా గట్టు వెంట రోజంతా అటూ ఇటూ తిరగడం దాని పని. కదిలే కంచె అన్నమాట. పోలీసు ఉద్యోగం తర్వాత వచ్చింది. అలాంటి ప్రాణిని కాంపౌండ్ గోడ లోపల పెట్టి, ఇంత స్థలం ఇచ్చాం కదా అనుకున్నాం.

అప్పుడు నా ప్రోగ్రాం మళ్ళీ తెరిచి చూశాను. ఒక్క బగ్ కూడా లేదు. అల్గారిథం చెప్పిన పని చెప్పినట్టే చేసింది. తప్పు ఇన్‌పుట్‌లో ఉంది. కుక్కపిల్ల ఇష్టాల లిస్ట్ అని పేరు పెట్టి, నేను నా ఇష్టాల్ని రాశాను. గజాలు కావాలన్నది నేను. దానికి కావాల్సింది మధ్యాహ్నం నాలుగింటికి ఇంట్లో ఉండే ఒక మనిషి, చెయ్యడానికి ఒక పని.

ఎర్ర రిబ్బన్ తాత దగ్గరికి వెళ్ళింది. పేరు కర్రిగాడు. ఆయన పొద్దున ఐదున్నరకే భద్రకాళి చెరువు కట్ట మీద నడుస్తాడు, ఎండాకాలంలో ఇంకా ముందే. రోడ్డు మీద అరచేతి వెనక భాగం ఐదు సెకన్లు ఆనించలేకపోతే కుక్కని బయటికి తీసుకెళ్ళడు. చెప్పులు తెచ్చివ్వడం, దాచిన బంతిని వాసన పట్టి వెతకడం, మనవరాలు పరిగెత్తితే "ఆగు" అనగానే కూర్చోవడం, అన్నీ రోజుకి ఐదేసి నిమిషాల పాఠాలే. మడమ పట్టుకుంటే అరవకుండా కదలకుండా నిలబడి, నోటికి బొమ్మ అందించమని మనవరాలికి కూడా నేర్పాడు. అయినా గేటు చప్పుడుకి ఇప్పటికీ ఉలిక్కిపడతాడు కర్రిగాడు. మూడు నుంచి పద్నాలుగు వారాల మధ్య కుక్కపిల్ల ఏం చూస్తే, ఏం వింటే అదే దాని లోకం అవుతుందంటారు. ఆ వారాల్లో సగానికి పైగా దాన్ని నేను ఖాళీ కాంపౌండ్‌కి రాసిచ్చాను.

ఈమధ్య మా జూనియర్ వాళ్ళింట్లో బార్డర్ కోలీ పిల్లల్ని పెడితే, నా ఫామ్ అడిగాడు. పాతది ఇవ్వలేదు, కొత్తది రాశాం. గజాల ప్రశ్న తీసేశాం. పగలు ఇంట్లో ఎవరుంటారు? చిన్నపిల్లలు ఉన్నారా, వాళ్ళకి ఎవరు నేర్పిస్తారు? రోజూ గంట మీ దగ్గర ఉందా? తీసుకెళ్ళేముందు మూడుసార్లు వచ్చి పిల్లతో కూర్చుంటారా? కుక్కర్ విజిల్, డీజే, ఆటో హారన్ దానికి మెల్లగా అలవాటు చేస్తారా? కుదరకపోతే తాడు కట్టకుండా మాకే తిరిగిస్తారా?

చివరి ప్రశ్న తాత చెప్పి పెట్టించాడు. ఆయనకి అరవై నాలుగేళ్ళు. ఈ కుక్కలు పది పన్నెండేళ్ళు బతుకుతాయి. "నా తర్వాత ఎవరు జూస్తరని అడగవేంది?" అన్నాడు.

ఫామ్‌లో ఆ ప్రశ్న చేర్చి, సరిగ్గా పనిచేస్తుందో లేదో చూద్దామని ముందు ఆయనకే ఇచ్చాను. మనవరాలు ఆయన చెప్పినట్టే టైప్ చేసింది. "మీ తర్వాత దీన్ని ఎవరు చూసుకుంటారు?" అన్న చోట నా పేరుంది.

ఇంకో రెండేళ్ళకి ఉద్యోగం ఏ ఊళ్ళో వస్తుందో నాకే తెలియదు. అయినా ఆ పేరు తీసెయ్యలేదు.