సంపులోకి ఎవరూ దిగొద్దు

జనగామ, మానుకోట, భూపాలపల్లి. నా మున్సిపల్ ఇంజినీరింగ్ ఉద్యోగం చాలాకాలం ఈ మూడు ఊళ్ల మధ్యే తిరిగింది. 2016 అక్టోబరు 11న మూడూ ఒకేసారి కొత్త జిల్లాల పటమెక్కాయి. కలెక్టరేట్లు వచ్చాయి, కాలనీలు పెరిగాయి. మురుగు సంగతి మాత్రం ఎప్పటిలాగే ఉండిపోయింది. ఇంటింటికీ సెప్టిక్ ట్యాంకే దిక్కు. నిండిందంటే ఫోన్ కొడతారు, ట్యాంకర్ వచ్చి గుంజుకుపోతుంది. తర్వాత అది ఎటు పోయిందని ఎవరూ అడగరు. ఒకప్పుడైతే చీకటి పడ్డాక ఏ వాగు ఒడ్డునో, ఏ బీడులోనో ఒంపేసి వెళ్లేవాళ్లు. వరంగల్ నగరపాలక సంస్థ 2016లో దీనికి నిబంధనలు పెట్టి, తర్వాత అమ్మవారిపేటలో శుద్ధి కేంద్రం నడిపించి చూపించాక చిన్న పట్టణాలకూ ఆ దారి తెరుచుకుంది.

ఈ కేంద్రాల్లో పెద్ద యంత్రాలేమీ ఉండవు. ట్యాంకర్ తెచ్చింది ముందు జాలీ మీద పడుతుంది. గుడ్డపీలికలు, ప్లాస్టిక్ అక్కడే ఆగుతాయి. చిక్కటిది ఇసుక, కంకర పరిచిన మడుల్లో ఎండుతుంది. మడుల కింద నుంచి కారిన నీరు సంపులో చేరుతుంది. సంపులో మునిగి ఉండే మోటారు ఆ నీటిని శుద్ధి గదులకు తోడుతుంది. ఆ మోటారు ఆగితే సంపు నిండుతుంది, మడులు ఎండవు, ట్యాంకర్లకు గేటు మూయాలి. గేటు మూస్తే ట్యాంకర్లు మళ్లీ వాగు దారే పడతాయి.

2023 జులై ఆఖరి వారం మా ప్రాంతం అంత తొందరగా మరిచిపోదు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు, భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 616.5 మిల్లీమీటర్ల వాన కురిసింది. 27వ తేదీ తెల్లవారేసరికి మోరంచవాగు మోరంచపల్లిని ముంచేసింది. జనం మిద్దెలెక్కితే హెలికాప్టర్లు దింపాల్సి వచ్చింది. ఆ వానల్లోనే నేనున్న మున్సిపాలిటీ ప్లాంటులో మోటారు ఆగింది. మూడింటిలో ఏ ఊరన్నది ఇక్కడ అవసరం లేదు. ఏ ఊళ్లోనైనా జరిగేదే అది.

ఆపరేటర్ ఫోన్ చేశాడు. "సార్, మోటర్ గుంజుతలేదు. కాలిన వాసనొస్తుంది."

"రెండోది పెట్టు తమ్మీ."

"రెండోది ఎండాకాలంలనే పోయింది గద సార్."

నిజమే. దాని రిపేరుకు ఎస్టిమేట్ వేసి ఫైలు పెట్టాను. 'నిధుల లభ్యతను బట్టి' అన్న రిమార్కుతో అది ఒక టేబుల్ మీది నుంచి ఇంకో టేబుల్ మీదికి నడుస్తోంది. జీతాలు, కరెంటు బిల్లు, చెత్త బండ్ల డీజిల్ పోను జనరల్ ఫండ్‌లో మిగిలేది ఎంతో ఆఫీసులో అందరికీ తెలుసు. నడిచే మోటారు ఒకటుంది కదా అన్నది అందరి ధీమా.

వెళ్లి చూస్తే సంపు అంచుకు జానెడు కిందిదాకా నిండింది. మోటారును పైకి లాగే గొలుసు తుప్పు పట్టి తెగిపోయింది. తెగిన కొస నల్లటి నీళ్లలో ఎక్కడుందో కనిపించదు. నిర్వహణ చూసే మనిషి నా పక్కకొచ్చి మెల్లగా అన్నాడు. "మనోడొకడున్నడు సార్. నడుముకు తాడు కట్టి దింపుదం. పది నిమిషాల పని."

ఆ 'మనోడు' అప్పటికే చొక్కా విప్పి, మడతపెట్టి, తడవకుండా గదిలో కిటికీ మీద పెడుతున్నాడు. బెదురు లేదు, బతిమాలడం లేదు. ఇది వరకు ఎక్కడో దిగినవాడే. నేను వద్దన్నాను. సంపులో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. తక్కువగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది, ఎక్కువైతే ముక్కు ఆ వాసనే పట్టదు. కంపు తగ్గిందని లోపలికి వంగినవాడు మళ్లీ లేవడు. మనుషులను ఇలా దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. చనిపోతే కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. మా సంపు నిండిన ఏడాదే, అక్టోబరులో, ఆ మొత్తాన్ని 30 లక్షలు చేసింది.

దింపకుండా పని కావాలంటే డబ్బు కావాలి, అదీ వెంటనే. కమిషనర్ మేడంకు ఫోన్ చేశాను. ఆమె వరద ముంపు కాలనీలో ఉన్నారు. అంతా విని, "ఎవ్వరినీ దింపొద్దు. ఎంతవుతుందో చెప్పండి, చేయించేయండి" అన్నారు. నేను కాసేపు మాట్లాడలేదు. నోటిమాట మీద చేయించిన పని ఆడిట్ ముందు నిలవదని ఈ ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే తెలిసిపోతుంది. ఆమెకూ తెలుసు. "ఉండండి, రాసిస్తా" అని కాసేపట్లో తెల్ల కాగితం మీద రాసి, సంతకం పెట్టి, ఫొటో పంపారు. నాలుగే లైన్లు. ఏం చెడిపోయింది, ఎందుకు ఆగలేం, ఎంతకు మించొద్దు, వచ్చే కౌన్సిల్ సమావేశంలో రాటిఫికేషన్‌కు పెట్టాలి.

ఆ కాగితం వచ్చాక అందరి చేతులూ కదిలాయి. గేటు బయట ఆగిన ట్యాంకర్‌నే లోపలికి పిలిచి, దాని పైపుతోనే సంపు తోడించాం. వాచ్‌మన్ భార్య ఇంటికెళ్లి పాతాళగరిగె తెచ్చింది. బావిలో పడ్డ బకెట్లు తీసే ఆ కొక్కేలకు తాడు కట్టి, పైనుంచే గాలించారు. చాలాసేపటికి గొలుసు కొస తగిలింది. ముక్కాలి స్టాండు వేసి, చైన్ పుల్లీతో లాగితే మోటారు పైకొచ్చింది. ఇంపెల్లర్ చుట్టూ గుడ్డపీలికలు తాడులా పేనుకుపోయి ఉన్నాయి.

రోడ్లు తెగి హన్మకొండ పోయే దారి లేదు. రైతుల బోరు మోటార్లు కట్టే లోకల్ వైండింగ్ మెకానిక్కే దిక్కయ్యాడు. కాలిన రాగితీగ పీకి, స్లాట్లు గీకి, కాగితం దోపి, ఒక్కో చుట్టూ లెక్కపెడుతూ కొత్త తీగ వేశాడు. వార్నిష్ పోసి, పెద్ద బల్బులు వెలిగించి ఆరబెట్టాడు. కరెంటు పోయినప్పుడల్లా జనరేటర్ పెట్టించాం. కొత్త సీలు వేసి మోటారు దింపాక నీళ్లు తోడింది. చొక్కా విప్పినతను ఆ రోజంతా పుల్లీ గొలుసు లాగాడు. కూలి డబ్బులు తీసుకొని సాయంత్రం ఇంటికెళ్లాడు.

కౌన్సిల్‌లో ఒకరిద్దరు ప్రశ్నించినా తీర్మానం పాసైంది. ఆడిట్ వాళ్లు అడగాల్సిందే అడిగారు. టెండర్ ఏది, మూడు కొటేషన్లు ఏవి, నామినేషన్ మీద ఎందుకిచ్చారు? పని కొలతలు రాసే ఎం-బుక్, తీర్మానం కాపీ, తేదీతో ఉన్న ఆ నాలుగు లైన్ల కాగితం జతచేసి జవాబిచ్చాం.

ఆ తర్వాత ఎక్కడున్నా మే నెలలోనే ఒక నోట్ ఫైల్ పెట్టడం అలవాటు చేసుకున్నాను. స్పేర్ మోటారు, కొత్త గొలుసు, అత్యవసరమైతే ఎంతవరకు ఖర్చు పెట్టొచ్చో పరిమితి. 2024 సెప్టెంబరు 1న ఆకేరు వాగు పొంగి, మరోవైపు కేసముద్రం దగ్గర ఇంటికన్నె వద్ద రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయిన రోజు నా దగ్గర ఆ సంతకం ముందే ఉంది. 2025 జనవరిలో కౌన్సిళ్ల గడువు ముగిసి ప్రత్యేకాధికారులు వచ్చినప్పుడూ ఆ ఫైలునే ముందు పట్టుకెళ్లాను.

కొత్త ఏఈలు ఇప్పటికీ ఫోన్ చేసి, అర్జంటు పని చేయించాం, ఆడిట్‌కు ఏం రాయాలని అడుగుతుంటారు. ఆడిట్ సంగతి తర్వాత, స్పేర్ మోటారు ఫైలు ఏ టేబుల్ మీదుందో ముందు చూడమంటాను. అది అక్కడ ఎన్ని రోజులు ఆగితే, సంపు పక్కన చొక్కా విప్పడానికి ఒక మనిషి అన్ని రోజులు సిద్ధంగా ఉన్నట్టే.