ఎక్కడ దిద్దాలి, ఎక్కడ ఊరుకోవాలి?

పంతుళ్లం కదా, తప్పు మాట చెవిన పడితే దిద్దాలనిపిస్తుంది. తుక్కుగూడలో శ్రీశైలం రోడ్డు పక్కన చాయ్ తాగేచోట అలాంటి మాటలకు కొదవ లేదు. ఎయిర్‌పోర్టులో పనిచేసేవాళ్లు, ప్లాట్లు చూడవచ్చినవాళ్లు, చుట్టుపక్కల తండాలవాళ్లు అందరూ అక్కడే ఆగుతారు. అయితే అది తరగతి గది కాదు.

ఒక తాత ఎయిర్‌పోర్టు వచ్చి ముప్పై ఏళ్లయిందంటాడు. అది మొదలైంది 2008 మార్చిలో. అయినా మేము దిద్దము. ఆయన చెప్పేది సంవత్సరం లెక్క కాదు, విమానాలు రాకముందు గొడ్లు మేపిన రోజుల ముచ్చట. మధ్యలో అడ్డుపడితే ఆ ముచ్చట ఆగిపోతుంది.

"మీకేం సార్, చదవకున్నా కొలువులిస్తరు" అని ఒకాయన నవ్వుతూ అంటే మాత్రం ఊరుకోము. "రెండేళ్లు డీఎడ్ చదివినం అన్నా, డీఎస్సీ రాసినం. రిజర్వేషన్ ఉన్నా పరీక్ష మాఫీ కాదు" అని నెమ్మదిగానే చెబుతాం. పక్కన ఇంటర్ చదివే మా తండా పిల్లగాడు ఉంటాడు. మేము తలొంచుకుంటే ఆ మాటే నిజమని వాడనుకుంటాడు.

కావాలని నలుగురిలో కులం పేరుతో అవమానిస్తే అది వేరే సంగతి. దానికి 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. తెలియక అన్న మాటనూ, కించపరచాలని అన్న మాటనూ ఒకే గాటన కట్టకూడదు.

అన్నిటికన్నా కష్టం మనవాళ్లతోనే. ఒక గృహప్రవేశంలో మా బంధువొకరు, తన బిడ్డ నాయనమ్మతో గోర్ బోలిలో మాట్లాడుతుంటే "ఆ తండా మాటలు ఇక్కడొద్దు" అని కసిరాడు. పాప నోరు మూసుకుంది. పదిమందిలో ఆయన్ని నిలదీస్తే మొండికేస్తాడు, ఇంటికి పోయాక తిట్లు పాపకే. అందుకని ముసలమ్మ పక్కన కూర్చుని "రామ్ రామ్, యాడీ" అని గోర్ బోలిలోనే మాట కలిపాం. కాసేపటికి పాప కూడా కలిసింది. భోజనాలయ్యాక ఆయన్ని పక్కకు పిలిచి, సొంత లిపి లేనంత మాత్రాన భాష కాకుండా పోదని, ఇంటి భాష వస్తే బడి చదువుకు నష్టం లేదని చెప్పాం. ఆయన ఔననలేదు, కాదనలేదు. పాపను మాత్రం మళ్లీ కసరలేదు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, నోరు విప్పేముందు ఒకటి చూసుకోండి: మనం ఊరుకుంటే దెబ్బ ఎవరికి? మన గొప్పకే అయితే పోనివ్వండి. వింటున్న పిల్లకైతే పోనివ్వకండి.