నెలలు నిండే వేళ మా నడక

1996వ సంవత్సరంలో మా అకౌంట్స్ విభాగంలో మేమిద్దరం ఇంచుమించు ఒకేసారి గర్భవతులమయ్యాము. ఒకే కంపెనీ బస్సులో ప్రయాణం, ఒకే వరుసలో బల్లలు. కార్యాలయం రెండవ అంతస్తులో ఉండేది, లిఫ్టు లేదు. శుభవార్త తెలిసిన మరునాటి నుండి సహోద్యోగులు మమ్మల్ని లెడ్జరు ఎత్తనివ్వలేదు. ఇక ఇళ్లలో చెప్పనక్కరలేదు. "మెట్లెక్కకమ్మా, ఇద్దరి తిండి తిను, పడుకో" అన్నదే ఇద్దరు అత్తగార్ల మాట. వారి ప్రేమను శంకించలేము. కాని అయిదవ నెల వచ్చేసరికి నడుము నొప్పి, కాళ్ల వాపు, మలబద్ధకం మా ఇద్దరినీ సమానంగా పీడించసాగాయి.

మమ్మల్ని పరీక్షించిన వైద్యురాలు ఇనుము మాత్రలతో పాటు నడక కూడా వ్రాసి ఇచ్చారు. మాత్రలను కాఫీతో మింగవద్దని హెచ్చరించారు. గర్భం పెరిగేకొద్దీ శరీర భారం ముందుకు జరుగుతుందనీ, కీళ్లను పట్టి ఉంచే బంధనాలు వదులవుతాయనీ, అందుచేత గెంతడం, పరుగెత్తడం, చటుక్కున తిరగడం కూడదనీ వివరించారు. ఎంత వేగంగా నడవాలని అడిగితే ఆమె చెప్పిన కొలమానం మాకెంతో నచ్చింది: నడుస్తూ మాట్లాడగలగాలి, మాట తెగిపోతుంటే వేగం తగ్గించాలి. మాటలకు మా ఇద్దరికీ ఏనాడూ కొరత లేదు!

నిద్రగన్నేరు చెట్ల క్రింద పది నిమిషాలతో ప్రారంభించి, నెల తిరిగేసరికి అరగంటకు చేరుకున్నాము. నూలు చీరల క్రింద కాన్వాస్ బూట్లు చూసి కాలనీ పిల్లలు నవ్వేవారు. నడుము నొప్పి తగ్గింది, నిద్ర పట్టింది. "పొలాల్లో నాట్లు వేసే తల్లులు ఏ వ్యాయామం చేశారమ్మా?" అని ఒక పెద్దాయన ఆక్షేపించారు. విశ్రాంతి లేకుండా రోజంతా వంగి చేసే చాకిరీ వ్యాయామం కాదని అప్పుడు మాకు తోచలేదు. తోచినా అనగలిగేవారము కామేమో.

ఏడవ నెలలో మాలో ఒకరికి నొప్పి లేకుండానే రక్తస్రావం కనిపించింది. మాయ గర్భాశయ ముఖద్వారాన్ని కప్పి ఉన్నదని స్కానింగులో తేలింది. నడక మానివేయవలసి వచ్చింది. ఇంట్లో ఎవరూ పైకి అనలేదు గాని, అందరి చూపులూ ఆ కాన్వాస్ బూట్ల మీదనే. నడకకు బలవంతంగా బయలుదేరదీసిన రెండవవారి పరిస్థితి మరీ దయనీయం. మాయ అక్కడ నిలవడానికి నడక కారణం కాదని, అయితే ఈ స్థితిలో ఇక నడవరాదని వైద్యురాలు అత్తగారిని కూర్చోబెట్టి చెప్పిన తరువాతనే ఆ ఇంటి గుమ్మం తొక్కే ధైర్యం వచ్చింది.

రెండవవారు కూడా నడక మానివేసి, సాయంత్రాలు ఆ మంచం ప్రక్కనే కూర్చోసాగారు. నాలుగు రోజులు చూసి మంచం మీది మనిషి కసురుకున్నారు: "నాకు వద్దన్నారు గాని నీకు కాదు. వెళ్లి నడిచి రా, ఏమి చూశావో వచ్చి చెప్పు." ఆనాటి నుండి నడక ఒకరిది, కబుర్లు ఇద్దరివి.

ఒకరికి శస్త్రచికిత్సతో, మరొకరికి సహజంగా కాన్పు అయింది. నడిచినవారికి నొప్పులేమీ తగ్గలేదు, పద్దెనిమిది గంటలు పడ్డారు. ఇద్దరికీ ఆడపిల్లలే. చట్టం ఇచ్చిన సెలవు అప్పట్లో పన్నెండు వారాలు. అది ఇరవై ఆరు కావడానికి 2017 వరకు ఆగవలసి వచ్చింది.

వైద్యపరమైన అడ్డంకి లేని గర్భిణులు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. ఆ 'అడ్డంకి లేని' అన్న మాట వద్ద మేము కొంచెంసేపు ఆగుతాము. రక్తస్రావం, ఉమ్మనీరు కారడం, ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, ఒక పిక్కలో వాపుతో నొప్పి, ఇవేవి కనిపించినా నడక ఆపి ఆసుపత్రికి వెళ్లవలసిందే.

ఇప్పుడు మా అమ్మాయిలలో ఒకరికి ఆరవ నెల. బెంగుళూరులో ఉంటుంది. సాయంత్రం నడుస్తూ ఫోను చేస్తుంది. మేమిద్దరం ఒకచోట ఉంటే స్పీకరు పెట్టుకుని వింటాము. ఏమి చెబుతున్నదో సగమే చెవికెక్కుతుంది. మాట ఎక్కడైనా తెగుతుందేమోనని వింటూ, ఆయాసం వినిపించగానే ఇద్దరం ఒక్కసారే "నెమ్మదిగా తల్లీ" అంటాము.