ఆనకట్ట నుంచి అంతర్వేది దాకా

ధవళేశ్వరం దగ్గర గోదావరిని ఆపుతారు. ఎక్కడో త్ర్యంబకంలో పుట్టి పాపికొండల్ని ఒరుసుకుంటూ వచ్చిన నది ఇక్కడ గేట్ల వెనక నిలబడి, కాలువలకి కొలిచి నీళ్ళిస్తుంది. 1847లో మొదలుపెట్టి 1852కి కాటన్ పూర్తిచేసిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్నది 1982 నాటి బ్యారేజీ. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు, మొత్తం 175 గేట్లు. డెల్టా ఊళ్ళలో కాటన్ దొర విగ్రహాలు చాలాచోట్ల గుర్రం మీదే కనిపిస్తాయి. ఏళ్ళ తరబడి కారు అద్దాలు ఎత్తుకుని తిరిగినవాడు మళ్ళీ మోటారు సైకిలెక్కాలనుకుంటే, ఆ దొర కొలిచిన నేల మీద మొదలుపెట్టడం మంచిది. గట్టు మీద రోడ్డు, పక్కనే కాలువ, వేగం పుంజుకునేలోపే ఒక మలుపో, ఒక గేదో, ఒక ఊరో. ఇక్కణ్ణుంచి అంతర్వేది వంద కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ.

బండి తొక్కడం ఒకసారి వస్తే మరిచిపోరంటారు. నిజమే. క్లచ్ వదలడం, నిలబెట్టుకోవడం, ఒంపులో ఒరగడం నాలుగు వీధులు తిరిగేసరికి వచ్చేస్తాయి. తిప్పలన్నీ ఒంట్లో మిగిలిన పాత అలవాట్లతోనే. మా తరానికి బుల్లెట్ అంటే గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. మొదటి గేరు పైకి, మిగతా మూడూ కిందికి. 2000 తర్వాత వచ్చిన అయిదు గేర్ల బళ్ళతో అది తారుమారైంది. ఇప్పుడు గేరు ఎడమకి, బ్రేకు కుడికి. తీరిగ్గా వెళ్తున్నంతసేపూ బుర్ర ఈ సంగతి గుర్తుంచుకుంటుంది. ఎదురుగా కోడి అడ్డమొస్తే బుర్రని ఎవరూ అడగరు, కాలు పాత చోటే వెతుక్కుంటుంది. అందుకే ధవళేశ్వరంలో బయల్దేరకముందే ఖాళీ మైదానంలో ఒక ఉదయమంతా ఆపడం ఒక్కటే సాధన చేశాను. కదలడం, ఆపడం. మళ్ళీ కదలడం, ఆపడం.

కాయితాలకి కూడా ఇదే లెక్క. చాలామంది లైసెన్సు బీరువాలో ఉండగానే గడువు దాటిపోయి ఉంటుంది. 2019 సవరణ తర్వాత, గడువు తీరి ఏడాది దాటితే మళ్ళీ డ్రైవింగ్ పరీక్షకి నిలబడాల్సిందే. నలభై దాటినవాళ్ళు డాక్టరు సర్టిఫికెట్టు కూడా పెట్టాలి. మనవళ్ళ వయసు కుర్రాళ్ళ వెనక వరసలో నిలబడి ఎనిమిది అంకె వెయ్యడం నామోషీ అనిపించవచ్చు. ఎనిమిది వెయ్యలేనివాడు గట్టు మీద మలుపూ తిప్పలేడు.

బ్యారేజీ మీద గాలి ఎదురుగా కాదు, పక్కనించి కొడుతుంది. లారీ పక్కనుంచి దాటినప్పుడు ఒక్క క్షణం గాలి ఆగి, మళ్ళీ తోస్తుంది. హ్యాండిల్‌ని బిగించి పట్టుకుంటే బండి ఇంకా ఊగుతుంది. మోచేతులు వదులుగా ఉంచి, ట్యాంకుని మోకాళ్ళతో పట్టుకుంటే తనంతట తానే సర్దుకుంటుంది. పిచ్చుకలంక దాటి, ర్యాలి భాగం దాటి, బొబ్బర్లంకలో ఎడమకి తిరిగితే కోనసీమ ముఖద్వారం. ఇక్కణ్ణుంచి గోదావరి ఒకటి కాదు. తూర్పున గౌతమి, పడమట వశిష్ఠ. మనం వెళ్ళేది రెంటి మధ్య.

ఆత్రేయపురం ముందు టీ కొట్టు దగ్గర ఆపితే పక్క షెడ్డులోని మెకానిక్కు కుర్రాడు బండి చుట్టూ తిరిగి చూశాడు. పాత బుల్లెట్టు నడిపానని చెప్పాక అతనికి హుషారొచ్చింది.

"కిక్కు కొట్టేవారాండీ మీరు? మా నాన్న చెప్పేవోడండి, కాలు ఎగిరి తన్నేసేదంట గదండీ."

తన్నేదే. దానికో పద్ధతుండేది. హ్యాండిల్ కింది చిన్న లివరు నొక్కి సిలిండర్లో ఒత్తిడి వదిలేయాలి. కిక్కుని మెల్లగా దించుతూ హెడ్‌లైటు డూము మీది ఆమ్మీటరు చూడాలి. ముల్లు నడిమికొచ్చిన చోట లివరు వదిలి, కిక్కుని పైకి రానిచ్చి, ఒక్క ఊపున తొక్కాలి. సగం మనసుతో తొక్కినవాడి పిక్క వాచేది. ఇప్పుడు బొటనవేలితో బటన్ నొక్కితే చాలు.

"ఆయ్, ఇప్పుడు చోకు కూడా ఉండదండి బాబూ. అంతా సెన్సారే."

2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 నిబంధనలు వచ్చాక మోటారు సైకిళ్ళలో కార్బురేటర్ల కాలం దాదాపు ముగిసింది. ఇంధనం ఎంత పోవాలో చిన్న కంప్యూటరే చూసుకుంటుంది. స్టాండు వేసి గేరేస్తే ఇంజను ఆగిపోతుంది. దాంతో మన రోడ్ల మీద ఒక పరోపకారం తగ్గిపోయింది. స్టాండు తియ్యకుండా వెళ్తుంటే ఎదురొచ్చే ప్రతివాడూ చెయ్యూపుతూ "స్టాండూ, స్టాండూ" అని అరిచేవాడు. పగలు లైటు వెలుగుతుంటే గుప్పిట మూసి తెరిచి సైగ చేసేవాడు. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బళ్ళకి లైటు ఆర్పే వీలే లేదు. ఊళ్ళలో పెద్దవాళ్ళు కొందరు ఇంకా గుప్పిట చూపిస్తూనే ఉన్నారు. నేను తలూపి నమస్కారం పెడతాను.

ఆత్రేయపురంలో పూతరేకుల పొయ్యి దగ్గర కాసేపు నిలబడాలి. బోర్లించిన కుండ అడుగు కాగుతూ ఉంటుంది. పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డని దాని మీద ఒక్కసారి లాగగానే, కాయితంకన్నా పల్చటి రేకు లేస్తుంది. గుడ్డ ఆగిన చోట రేకు మందమవుతుంది, తొందరపడిన చోట చిరుగుతుంది. 2023లో ఈ పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి దగ్గరే లొల్ల లాకులు. నీళ్ళు ఇక్కడ మళ్ళీ ఆగి, విడివిడి కాలువలై దిగువకి పోతాయి.

లాకుల తర్వాతి గట్టు రోడ్డే అసలు పరీక్ష. కోతల రోజుల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది, చుట్టూ రాళ్ళు కాపలా. గింజల మీద టైరు ఇసక మీదలాగే జారుతుంది. కుర్రతనంలో మాకు పెద్దలు నూరిపోసిన మాట "ముందు బ్రేకు పట్టకు, పల్టీ కొడతావు" అని. పాత డ్రమ్ము బ్రేకుల రోజుల్లో అది భయం కొద్దీ పుట్టిన జాగ్రత్త. బ్రేకు వెయ్యగానే బరువంతా ముందు చక్రం మీదికి వాలుతుంది, వెనక చక్రం తేలికపడుతుంది. తేలికపడ్డ చక్రాన్ని ఎంత తొక్కినా అది జారుతుందే గానీ బండి ఆగదు. పొడి తారు మీద బండిని ఎక్కువగా ఆపేది ముందు బ్రేకే. దాన్ని ఒక్కసారిగా గుంజకుండా, పిండినట్టు పట్టుకోవాలి. ఏబీఎస్ ఉంటే చక్రం బిగుసుకోకుండా చూస్తుంది. అయినా జారే నేలని గట్టి నేలగా మార్చే శక్తి దానికి లేదు. 2019 నుంచి 125 సీసీ దాటిన కొత్త బళ్ళన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి.

లెక్క కూడా చూసుకోవాలి. గంటకి 50 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి దాదాపు 14 మీటర్లు. గేదెని చూసి చెయ్యి లివరు మీదికి పోయేలోపే ఆ 14 మీటర్లూ అయిపోతాయి. వేగం రెట్టింపైతే బ్రేకు పడ్డాక పోయే దూరం నాలుగింతలవుతుంది. వయసుతో చెయ్యి కాస్త నెమ్మదిస్తుంది, కన్ను ఎదుటి లైటుకి చెదురుతుంది. దానికి విరుగుడు ఒక్కటే, ముందుచూపు పెంచుకోవడం. 2022లో మన దేశపు రోడ్ల మీద చనిపోయిన 1,68,491 మందిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల వాళ్ళే. అప్పట్లో బండి కొంటే ఎంత స్పీడు పోతుందని అడిగేవాళ్ళం. ఇప్పుడు అడగాల్సింది ఎంతలో ఆగుతుందని.

రావులపాలెంలో జాతీయ రహదారి అడ్డమొస్తుంది. అరటి గెలల లారీలు, చెన్నై కలకత్తా హడావుడి. దాన్ని దాటి కొత్తపేట మీదుగా దిగితే కొబ్బరితోటల నీడ. పి.గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీద అక్విడక్టు. కింద నది, నది మీద కాలువ. 1850ల్లో కట్టిన పాత అక్విడక్టు పక్కనే 2000లో కొత్తది కట్టి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. ఆకలన్నవాళ్ళకి వేళ చూడకుండా అన్నం పెట్టిన ఆ తల్లిది ఇక్కడి లంకల గన్నవరమే. నగరం, రాజోలు వైపు పొలాలకి తడి ఈ దారినే పోతుంది. కారులో వెళ్ళేవాడికి ఇది ఇంకో వంతెన. బండి మీద వెళ్తే చల్లటి తేమ ముందు మెడకి తగులుతుంది, తర్వాతే నీళ్ళు కనిపిస్తాయి.

తాటిపాకలో ఓఎన్‌జీసీ చిన్న రిఫైనరీ, రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి. ఆపైన గాలి ఉప్పగా మారుతుంది, రోడ్డు మీద ఇసక పొరలు మొదలవుతాయి. అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి గుడి దాటాక అన్నాచెల్లెళ్ళ గట్టు. అక్కడ వశిష్ఠ సముద్రంలో కలుస్తుంది. బండిని గట్టి నేల మీదే వదిలి నడిచి వెళ్ళడం మేలు. ఇసకలో దిగబడిన బండిని లాగడానికి నలుగురు కావాలి.

వచ్చిన దారినే తిరిగి వెళ్ళక్కర్లేదు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే అవతలి గట్టు నరసాపురం. అక్కణ్ణుంచి పాలకొల్లు, సిద్ధాంతం మీదుగా విజ్జేశ్వరం చేరితే బ్యారేజీ రెండో కొస. పంటు ఎక్కించడమే ఈ చుట్టులో గట్టి పని. తడి పలకల మీద, మనుషుల మధ్య, 195 కిలోల బండిని సగం క్లచ్ మీద ఎక్కించి, కొబ్బరికాయల బస్తాకీ ఒక పెద్దావిడ పాదాలకీ మధ్య ఖాళీలో నిలపాలి. స్పీడుతో ఇక్కడ పనే లేదు.

"ఆయ్, చాలండి, అక్కడే. ఇంక కదపకండి," అన్నాడు పంటు సరంగు.

గేరులోనే ఉంచి ఇంజను ఆపాను. పంటు కదిలినా బండి కదల్లేదు. మళ్ళీ బండెక్కాలనుకునే నా ఈడువాళ్ళు పరీక్ష రాయడానికి రేవు కన్నా మంచి చోటు లేదు. ఇక్కడ నెగ్గినవాడు లడఖ్ సంగతి తర్వాత ఆలోచించుకోవచ్చు.