ధరలకు పదవీ విరమణ లేదు

బేర్ సరాయ్ పుస్తకాల దుకాణాల్లో సివిల్స్ అభ్యర్థులు కొనే ఆర్థికశాస్త్ర నోట్సుల్లో ద్రవ్యోల్బణం తప్పనిసరి అధ్యాయం. పాత పుస్తకాల కోసం అక్కడికి వెళ్లినప్పుడల్లా, ఆ యువతీయువకులు ఆశించే ప్రభుత్వోద్యోగంలో అసలు విలువైనది అధికారమా, ధరల నుంచి రక్షణా అని ఆలోచిస్తాను.

లెక్క సులభమే. ధరలు ఏటా 6 శాతం పెరిగితే 12 ఏళ్లలో ఖర్చు రెట్టింపు, 24 ఏళ్లలో నాలుగింతలు. నేడు నెలకు 30,000 రూపాయలతో గడుపుకునే కుటుంబానికి అప్పుడు అదే జీవనానికి 1,20,000 కావాలి. ఈ 6 శాతం నా ఊహ కాదు. రిజర్వ్ బ్యాంకు లక్ష్యమైన 4 శాతానికి ప్రభుత్వం అనుమతించిన పై హద్దు.

2025 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన ఏకీకృత పెన్షన్ పథకాన్ని ఎంచుకున్న కేంద్ర ఉద్యోగికి 25 ఏళ్ల సర్వీసుకు చివరి 12 నెలల సగటు మూలవేతనంలో సగం లభిస్తుంది. దానికి కరవు భత్యమూ తోడవుతుంది. మావంటి ప్రైవేటు ఉద్యోగులది 1995 నాటి పథకం. 2014లో నిర్ణయించిన 15,000 వేతన పరిమితి ప్రకారం 35 ఏళ్ల సర్వీసుకు వచ్చేది నెలకు 7,500. కరవు భత్యం లేదు. అదే 6 శాతం లెక్కన పన్నెండేళ్లకు దాని కొనుగోలు శక్తి సగమే.

ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పెన్షన్ 2024లో 3,000 నుంచి 4,000 అయింది. మంచిదే. కానీ దానిని పెంచింది ఎన్నికల హామీ, ధరల సూచీ కాదు. పెన్షన్ ఎంత అని పార్టీలను అడగడం మనకు అలవాటే. ధరలతోపాటు పెరుగుతుందా అని అడిగిన నాడే వృద్ధాప్యం వేలంపాట నుంచి బయటపడుతుంది.