నవ్వించే డిటెక్టివుకో వెండితెర నవల

సూరత్

ప్రియమైన పాఠకులకు,

మనవాళ్ళు ఆడిన సినిమా కథను, మాటలతో సహా నవలగా తిరగరాసి స్టిల్స్‌తో అచ్చువేసేవారు గుర్తుందా? ముళ్ళపూడి వెంకటరమణ అంతటివారు వెండితెర నవలలు రాశారు. నవ్వించే గూఢచారులకు ఆ యోగం అమెరికాలో దక్కింది. 1965లో మొదలైన టీవీ హాస్య ధారావాహిక ‘గెట్ స్మార్ట్’ మీద విలియం జాన్‌స్టన్ వరసగా నవలలు రాశాడు.

మన ‘చంటబ్బాయ్’ది ఎదురుదారి. మల్లాది వెంకటకృష్ణమూర్తి నవల ముందు, 1986లో జంధ్యాల సినిమా తర్వాత. తెరమీద చిరంజీవి చాప్లిన్ వేషంలో నడిస్తే చాలు, నవ్వొస్తుంది. కాగితం మీద ఆ నడక ఉండదు. అందులో అతని పాత్ర పాండురంగారావు తనని తాను ఎంత గొప్ప డిటెక్టివ్ అనుకుంటున్నాడో, ఎదుటివాళ్ళకి ఎలా కనిపిస్తున్నాడో రెండూ ఒకే వాక్యంలో పట్టాలి. అతను గంభీరంగా ఉన్నంతసేపే మనకి నవ్వు. “వెర్రిమొహం వేశాడు” అని రచయిత రాశాడా, జోకు చచ్చిందే. తెరమీది నవ్వును కాగితం మీదికి తేవడం ఇంత కష్టమైన పని గనకే దీన్ని మంచి రచయితలు చెయ్యాలంటాను.

ఇక్కడ సూరత్‌లో అలాంటి నవలల అవసరం రోజూ కనిపిస్తోంది. తెలంగాణ నుంచి వచ్చి సాంచల (మరమగ్గాల) మీద బతుకుతున్న పద్మశాలి కుటుంబాలు లింబాయత్ వైపు చాలా ఉన్నాయి. మునిసిపల్ కార్పొరేషన్ తెలుగు మాధ్యమం బడులు నడుపుతోంది, అది చిన్న విషయం కాదు. కానీ పాఠ్యపుస్తకం మూసేశాక పిల్లలు తెలుగులో ఏం చదవాలి? గుజరాతీ బడికి వెళ్ళేవాళ్ళ సంగతి సరేసరి.

మొన్న ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’లో డిటెక్టివ్ ఆత్రేయ నెల్లూరు ఆఫీసు సీనొకటి రెండు పేజీల్లో రాసి పక్కింటి అమ్మాయికిచ్చాను. 2019లో వచ్చిన ఆ సినిమా ఆమెకు కంఠతా వచ్చు. ఒత్తుల కింద వేలు పెట్టుకుని, కూడబలుక్కుంటూ చదివింది. సగం మాట చదివేసరికి మిగతా సగం దానంతటదే నోటికొచ్చేది. ఆత్రేయ ఇంగ్లీషు దంచే చోట పకపకా నవ్వి, “బాబాయ్, తర్వాత పేజీ ఏదీ?” అంది.

రాయగలిగినవాళ్ళు మీలో ఉన్నారు. దర్శకుడు స్వరూప్, నవీన్ పొలిశెట్టి కలిసి అల్లిన ఆ కథ వాళ్ళ అనుమతితో నవలగా రావాలని నా కోరిక. ఈలోగా మీ అటకల మీద పాత వెండితెర నవలలుంటే మాకు పంపండి. పిల్లలకి చదవడానికిచ్చి, జాగ్రత్తగా తిప్పి పంపుతాం.

ఇట్లు,
మీ సూరత్ మిత్రుడు