నాన్నగారి కటింగ్ మిషను

మా నాన్నగారి ఇనుప పెట్టెలో ఆయన కటింగ్ మిషను ఇప్పటికీ ఉన్నది. దానికి విద్యుత్తుతో పనిలేదు. రెండు పిడులను చేత్తో నొక్కుతూ వదులుతూ ఉంటే, అడుగునున్న పళ్ళవరుస కదలకుండా నిలిచి, పైవరుస దానిమీద అటూ ఇటూ జరుగుతూ వెంట్రుకలను కత్తెరవలె కోస్తుంది. ఆదివారం ఉదయం మమ్మల్ని వరుసగా పీటమీద కూర్చోబెట్టి, మెడకు పాత పంచె చుట్టి, నాన్నగారే క్షవరం చేసేవారు.

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలై క్షౌరశాలలు మూతపడినప్పుడు ఆ మిషను జ్ఞాపకం వచ్చింది. తుప్పు వదిలించి, కుట్టుమిషను నూనె వేశాను. మొదట పైవాటాలో ఉండే మా తమ్ముడి మనుమడికి కత్తిరించాను. వాడు "పెదతాతయ్యా, పీకుతోంది!" అని కేకపెట్టాడు. తప్పు నాదే. కోత పూర్తికాకముందే మిషనును వెనక్కు లాగితే పళ్ళ మధ్య చిక్కిన వెంట్రుక తెగదు, ఊడుతుంది. పళ్ళను తలకు ఆనించి, నొక్కుడు ఆపకుండా ముందుకు సాగి, వెంట్రుకలను దాటి బయటికి వచ్చాకనే చేయి ఆపాలి. ఈ కిటుకు పట్టుబడేసరికి వాడి తల సగం మెట్లు మెట్లుగా తయారయింది.

వాడి తల వెనుక పొట్టు రాలుతున్న మచ్చ ఒకటి కనబడింది. చుండ్రేలే అనుకొని, మిషనును గుడ్డతో తుడిచి, వెంటనే మా మనుమణ్ణి కూర్చోబెట్టాను.

మూడు వారాలకు మావాడి తలమీద రూపాయి బిళ్ళంత మచ్చ తేలింది. అక్కడి వెంట్రుకలు చర్మం దగ్గరే విరిగి నల్లని చుక్కలవలె కనిపిస్తున్నాయి. అది తలలో వచ్చే తామర. "ఎక్కడ అంటుకున్నది మామయ్యగారూ?" అని కోడలు అడిగింది. 35 ఏళ్ళు వైద్యం చేసినవాణ్ణి, "నా చేతినుంచేనమ్మా" అనక తప్పలేదు.

తామర పురుగు వల్ల వచ్చేది కాదు, అది శిలీంధ్రం. దాని బీజాలు దువ్వెనలనూ, టోపీలనూ, కటింగ్ మిషను పళ్ళనూ పట్టుకొని ఉంటాయి. తలలోనైతే అది వెంట్రుక లోపలికే చొరబడుతుంది గనుక పైపూత మందు ఒక్కటే చాలదు. ఇద్దరు పిల్లలకూ ఎనిమిది వారాలు గ్రిసియోఫల్విన్ మాత్రలు వేయవలసి వచ్చింది. కొవ్వు ఉన్న ఆహారంతో ఆ మందు బాగా ఒంటబడుతుంది కాబట్టి నెయ్యన్నం తిన్నాక ఇచ్చేవాళ్ళం. (1950ల చివర ఈ మాత్ర రాకముందు ఎక్స్‌రేలతో పిల్లల జుట్టు రాల్చేవారు. ఆ సంగతి తలచుకొంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.)

మరొక భయం నెత్తురు. మిషను పన్ను గీరుకొని కంటికి కనబడనంత నెత్తురంటినా చాలు, హెపటైటిస్ బి వైరస్ పొడి వస్తువులమీద కనీసం 7 రోజులు బతకగలదు.

ఇప్పుడు ఒక్కొక్కరి క్షవరం కాగానే మర విప్పి, పళ్ళవరుసలు విడదీసి, బ్రష్షుతో వెంట్రుకలు దులిపి, సబ్బునీళ్ళతో కడిగి, 20 నిమిషాలు నీళ్ళలో మరగబెడతాను. తీసిన వెంటనే తడి ఆర్చి నూనె వేయకపోతే మర్నాటికి తుప్పే. తలలో మచ్చగానీ పుండుగానీ ఉన్నవాళ్ళకు మిషను ముట్టించను.

మా మనుమడు పీటమీద కూర్చోబోయే ముందు వంటింటివైపు చూసి, "మిషను ఉడికిందా తాతయ్యా?" అని అడుగుతాడు.